అమెరికా దేశపు సూచీకర్మ - స్వత్వము, స్థలము

‘అతుకుల బొంత’ యను మాట తెలుగున నిందావాచకము. పొందిక లేని గ్రంథమును, పలువురి రచనలనుండి తెచ్చి కూర్చిన ఉపన్యాసమును, ఉమ్మడి యుద్దేశము లేని మంత్రివర్గమును మనము ఈ మాటతో తక్కువపఱచుచుందుము. బొంతను కుట్టిన చేతిని గూర్చిన తలంపు ఈ నిందలో లేదు. చిరిగిన చీరలను పొరలుగా పఱచి, పేలికల నమర్చి, బారుగా కుట్లు వేసి, చలికాలమున పిల్లలకు కప్పిన తల్లి ఏ రంగు ప్రక్క ఏ రంగు నుంచెనో, ఏల నట్లుంచెనో మన నిఘంటువులు చెప్పవు. ఇట్టి వస్తువునే అమెరికా సంయుక్తరాష్ట్రములలో క్విల్టు అందురు. అచ్చట అది ప్రదర్శనశాలల గోడల కెక్కినది, విశ్వవిద్యాలయములలో పరిశోధనావిషయమైనది, అనేక రాష్ట్రములు తమ యెల్లలలోని క్విల్టుల జాబితాలను వ్రాయించుకొన్నవి. ఒక జాతి తన చరిత్రను అతుకుల బొంతలో చూచుకొనుట యెట్లు సంభవించెను? ఆ చూపులో సత్యమెంత, కల్పనమెంత? ఈ ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

తెలుగు శాఖ పత్రికలో కుట్టుపనికి చోటెక్కడిదని కొందఱు అడుగవచ్చును. ‘గ్రంథము’ అనగా గ్రుచ్చి కట్టబడినది. ‘సూత్రము’ అనగా దారము. ‘ప్రబంధము’ అనగా చక్కగా బంధింపబడినది. లాటిను భాషలో ‘టెక్స్టు’ అను పదమునకు మూలధాతువు నేయుటను చెప్పును. వాత్స్యాయనుడు చతుష్షష్టికళలలో సూచీవానకర్మములను చేర్చినాడు. ఇంతకంటె బలమైన కారణ మొకటి కలదు. మనము జానపదగేయములను, స్త్రీల పాటలను శ్రద్ధతో సేకరించితిమి. పాటను వ్రాసికొన్నవారు, పాడుచు ఆమె చేయుచుండిన పనిని వ్రాసికొనుట అరుదు. కలము అందని చేతికి సూది అందినది. కావున ఆ చేతి వ్రాతను సూదిపనిలో వెదకుట సాహిత్యపరిశోధకునకు పరాయిపని కాదు.

1. శాంప్లరు : పేరు, వయస్సు, ఊరు

ఇంగ్లండునుండి వచ్చి అమెరికా తూర్పుతీరమున వలస లేర్పఱచుకొన్న కుటుంబములలో ఆడపిల్లకు మొదట నేర్పబడిన విద్యలలో కుట్టుపని యొకటి. నేర్చిన కుట్లకు గుర్తుగా నారబట్టపై అక్షరములను, అంకెలను, లతలను, అంచులను వరుసగా కుట్టించెడివారు. దీనిని శాంప్లరు అందురు. నమూనా యని యర్థము. అమెరికాలో కుట్టబడినట్లు తెలియవచ్చిన శాంప్లరులలో మిక్కిలి ప్రాచీనమైనది ప్లిమత్తు వలస సేనాని మైల్సు స్టాండిషు కుమార్తె లోరా స్టాండిషు చేసినది. అది సుమారు 1653 నాటిది. ప్లిమత్తులోని పిల్‌గ్రిమ్ హాలు మ్యూజియమున భద్రపఱుపబడియున్నది. సన్నగా పొడవుగా నున్న ఆ బట్టపై ఆమె తన పేరును, ఒక ప్రార్థనాపద్యమును కుట్టినది. ఆమె జీవితమును గూర్చి తెలియవచ్చు వివరములు స్వల్పములు. పేరు మాత్రము దారములో నిలిచినది.

18 వ శతాబ్దమునకు శాంప్లరు రూపము మాఱెను. పొడవు తగ్గి చదరమైనది. చుట్టు అంచు, నడుమ ఇల్లు, చెట్లు, జంతువులు, క్రింద కుట్టిన పిల్ల పేరు, వయస్సు, ఊరు, సంవత్సరము వచ్చి చేరినవి. ఆనాటి న్యూ ఇంగ్లండు ప్రాంతమున ఆడపిల్లలకు చదువుటను, కుట్టుటను నేర్పుట సామాన్యము. వ్రాయుట మగపిల్లలకే ఎక్కువగా నేర్పబడుచుండెను. అందువలన శాంప్లరుపై అక్షరమాలను కుట్టిన ప్రతి బాలికయు కాగితముపై వ్రాయగలిగియుండెనని తలపరాదు. అనేకులకు తమ పేరును తాము నిలిపికొనుటకు లభించిన సాధనము సూదియే.

ఊరి పేరుతోపాటు ఊరి రూపమును గూడ ఈ బట్టలలో చూడవచ్చును. రోడు ఐలండులోని ప్రావిడెన్సు నగరమున మేరీ బాల్చి అను నామె 18 వ శతాబ్దాంతమున నడిపిన పాఠశాలలోని బాలికలు ఆ నగరపు శాసనసభాభవనమును, కళాశాలాభవనమును కిటికీలతో సహా కుట్టిరి. పెన్సిల్వేనియాలో క్వేకరు మతస్థులు 1799 లో నెలకొల్పిన వెస్టుటౌను పాఠశాలలోని బాలికలు 19 వ శతాబ్దారంభమున మఱియొక యడుగు వేసిరి. వారు బట్టను బంతిగా కుట్టి, లోపల దట్టముగా కూరి, పైన పట్టుతొడుగు వేసి, అక్షాంశ రేఖాంశములను దారముతో తీర్చి, ఖండములను గుర్తించి, భూగోళములను తయారుచేసిరి. కొందఱు ఖగోళములను గూడ కుట్టిరి. తన పేరు, తన యూరు అను చోట మొదలైన కుట్టు ప్రపంచమంతటి వఱకు పోయినది.

ఒక గురువుయొక్క శైలి శిష్యుల బట్టలలో కనబడుటచే, పేరు లేని శాంప్లరు ఏ ప్రాంతమున, ఏ పాఠశాలలో కుట్టబడినదో నేటి పరిశోధకులు నిర్ణయింపగలుగుచున్నారు. మనము ప్రతులలోని లేఖకసంప్రదాయములను బట్టి తాళపత్రగ్రంథము పుట్టిన ప్రాంతము నూహించుట వంటి పద్ధతియే యిది. ఈ శాస్త్రమునకు పునాది వేసినది ఎథెల్ స్టాన్‌వుడ్ బోల్టను, ఈవా జాన్‌స్టన్ కో అను వారు 1921 లో ప్రకటించిన ‘అమెరికన్ శాంప్లర్సు’ అను గ్రంథము.

శాంప్లరు న్యాయసాక్ష్యముగా గూడ పనిచేసినది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున పోరాడినవారి కుటుంబములకు ప్రభుత్వము భరణ మొసగునప్పుడు వివాహమునకు, సంతానమునకు ఋజువులు కోరెను. పుట్టుకల పెండ్లిండ్ల పట్టీలు ప్రభుత్వకార్యాలయములలో లేనివారు ఇంటి బైబిలులోని కుటుంబపత్రమును చించి పంపిరి. కొందఱు గోడకు వ్రేలాడుచుండిన కుటుంబశాంప్లరును విప్పి పంపిరి. అట్టివి ఆఱు నేటికిని ఆ దేశపు జాతీయ దస్తావేజుల భాండాగారమున నున్నవి. ఆడపిల్ల ఆటగా నేర్చిన పని యని తేలికగా చూడబడిన వస్తువును ప్రభుత్వము దస్తావేజుగా స్వీకరించిన దన్నమాట.

2. దారపు పొదుపు

స్థలము కుట్టులోని బొమ్మను మాత్రమే కాక కుట్టును గూడ మార్చును. ఇంగ్లండులో ఉన్నిదారముతో నారబట్టపై చేయు క్రూయెల్ పని బట్టనంతయు దట్టముగా కప్పును. న్యూ ఇంగ్లండులో అదే పని పలుచబడినది. పువ్వుకును పువ్వుకును నడుమ ఖాళీ పెరిగినది. కుట్టు సైతము మాఱెను. దారము బట్టకు పైభాగముననే పొడవుగా పఱచి, చిన్న కుట్టుతో పట్టి నిలిపెడివారు. అడుగుభాగమున చుక్కలవంటి కొద్ది దారము మాత్రమే కనబడును. ఉన్నిని వడకి, రంగు వేసికొన్న స్త్రీకి అడుగున దాగిపోవు దారము నష్టమే గదా. పొదుపునకు పుట్టిన కుట్టు కాలక్రమమున ఆ ప్రాంతపు శైలిగా గుర్తింపు పొందెను.

ఈ శైలి మరుగుపడుచున్న కాలమున, 1896 లో మసచూసెట్సు రాష్ట్రములోని డీర్‌ఫీల్డు గ్రామమున మార్గరెట్ వైటింగు, ఎలెన్ మిల్లరు అను చిత్రకారిణు లిద్దఱు ‘నీలశ్వేత సూచీకర్మసంఘము’ను స్థాపించిరి. వారు ఊరి యిండ్లలోని పాత క్రూయెల్ పనుల నమూనాలను గీసికొని, నీలిమందు మొదలగు మొక్కల రంగులతో అద్దిన దారములతో, గ్రామస్త్రీలచేత కుట్టించి విక్రయించిరి. ఉన్నికి చిమ్మట పట్టుటచే నారదారమునే వాడిరి. అంగీకరింపదగినదిగా తేలిన ప్రతి పనిమీద రాట్నపుచక్రములో ‘డి’ అక్షరము కుట్టబడెను. సంఘము 1926 వఱకు నడచినది. ఇందొక సూక్ష్మము గమనింపదగినది. పూర్వపు శాంప్లరుపై పిల్ల పేరుండెను. ఇప్పుడు బట్టపై ఊరి ముద్ర వచ్చినది. స్థలమునకు కీర్తి కలిగినకొలది కుట్టిన మనిషి పేరు వెనుకకు జరిగిన దనవచ్చును.

3. క్విల్టు : పుట్టుకయు పేర్లును

క్విల్టునకు మూడు పొరలుండును. పైన కనబడు బట్ట, నడుమ దూది లేక ఉన్ని, అడుగున ఆధారపు బట్ట. ఈ మూటిని కలిపి కుట్టు కుట్టే క్విల్టింగు. పైపొరను చిన్నముక్కలు జతచేసి కూర్చుట యొక విధము. ఒక బట్టపై మఱియొక బట్టను ఆకారముగా కత్తిరించి అతికి కుట్టు ఆప్లిక్ మఱియొక విధము.

తొలినాటి వలసవారు దారిద్ర్యముచేత పేలికలతో క్విల్టులు కుట్టుకొనిరను కథ ఆ దేశమున వ్యాపించియున్నది. పరిశోధకులు దీనిని అంగీకరింపరు. ఆ కాలమున బట్టయే ప్రియము. 18 వ శతాబ్దపు క్విల్టులు ఎక్కువగా సంపన్నుల యిండ్లలోనివి; పైపొర యంతయు ఒకే రకపు బట్ట. మన తీరమునకును ఈ చరిత్రకును సంబంధ మిచ్చటనే కలదు. కోరమాండలు తీరమున, మచిలీపట్టణము మొదలగు రేవుల పరిసరములలో, కలముతోను అద్దకముతోను రంగులు తీర్చిన చీటిగుడ్డలు, జీవవృక్షము గల పలంపోరులు ఐరోపాకును, అచ్చటినుండి అమెరికా వలసలకును చేరినవి. అమెరికా స్త్రీలు ఖరీదైన ఆ చీటిగుడ్డలలోని పువ్వులను, పక్షులను జాగ్రత్తగా కత్తిరించి, తెల్లబట్టపై అతికి కుట్టి, తమ జీవవృక్షములను నిర్మించుకొనిరి. తరువాత ఇంగ్లండు మిల్లులు ఆ చీటిగుడ్డల ననుకరించినవి. ఆ అనుకరణలను గూడ ఇట్లే వాడిరి. అమెరికా సూచీకర్మలోని ప్రసిద్ధరూపములలో నొకదానికి మూలము తెలుగు, తమిళదేశముల తీరమందలి అద్దకపువారి చేతిలో నున్నది.

ముక్కల క్విల్టు జనసామాన్యమునకు వ్యాపించినది 19 వ శతాబ్దమున యంత్రములచే నూలుబట్ట చవుకయైన తరువాతనే. ఆ మిల్లులకు పోయిన దూదిని దక్షిణరాష్ట్రములలో బానిసలు పండించిరి. ఉత్తరదేశపు గృహిణి ముచ్చటగా కత్తిరించిన చీటిముక్కలో ఆ చెమట యున్నది. క్విల్టును గృహశాంతికి చిహ్నముగా మాత్రమే వర్ణించు గ్రంథములు ఈ విషయమును దాటిపోవుచుండును.

నమూనాల పేర్లు భాషాశాస్త్రజ్ఞునకు ఆసక్తిని గొల్పును. ‘ఒహాయో నక్షత్రము’, ‘కాన్సాసునకు రాతిబాట’, ‘కాన్సాసు కష్టములు’, ‘కొయ్యదుంగల యిల్లు’ మొదలగు పేర్లలో పడమటికి సాగిన వలసబాటయు, రాజకీయకలహములును వినబడును. ఒకే నమూనాకు వేఱువేఱు ప్రాంతములలో వేఱువేఱు పేర్లు కలవు. 1929 లో రూతు ఫిన్లీ ప్రకటించిన గ్రంథమునుబట్టి, అడవిప్రాంతమైన పశ్చిమ పెన్సిల్వేనియా, ఒహాయోలలో ‘ఎలుగుబంటి పాదము’ అనబడు నమూనాను క్వేకరులు ‘స్నేహహస్త’మనిరి, నీటిప్రక్కనున్న లాంగు ఐలండువారు ‘బురదలో బాతు అడుగు’ అనిరి. ఆకృతి యొక్కటే, చూచువాని యూరు దానికి పేరు పెట్టినది. ముగ్గులకు ఊరూర పేర్లు మాఱుట నెఱిగిన మనకు ఇది వింత కాదు.

మేరీలాండులోని బాల్టిమోరు నగరమున 1840 - 1860 నడుమ ‘ఆల్బము’ క్విల్టులు వెలసినవి. ఒక్కొక్క గడిని ఒక్కొక్క స్త్రీ కుట్టి లేక కుట్టించి పేరు వ్రాసెడిది. గడులలో పూలబుట్టలు, ఓడలు, ఆ నగరపు స్మారకస్తంభములు కనబడును. చర్చి బోధకుడు బదిలీయై పోవునప్పుడును, పెండ్లికూతురు అత్తవారింటికి తరలునప్పుడును వీనిని కానుకగా ఇచ్చెడివారు. విడిచిపోవు ఊరిని మడిచి పెట్టెలో పెట్టుకొని పోవుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

4. హారియెట్ పవర్సు

ఇంతవఱకు చెప్పిన పేళ్లు ఎక్కువగా పాఠశాలకు పోగలిగిన వారివి. జార్జియా రాష్ట్రమున ఏథెన్సు పట్టణ సమీపమున 1837 లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్సు చరిత్ర వేఱు. అంతర్యుద్ధానంతరము స్వతంత్రురాలై, భర్తతో చిన్న వ్యవసాయము చేసికొనుచు ఆమె బైబిలుకథలను ఆప్లిక్ బొమ్మలుగా కూర్చి పదునొకండు గడుల క్విల్టు నొకదానిని కుట్టెను. 1886 లో ఏథెన్సు ప్రత్తిసంతలో దానిని చూచిన జెన్నీ స్మిత్తు అను చిత్రకళోపాధ్యాయిని కొనగోరెను. పవర్సు అమ్మనని చెప్పినది. కొన్నేండ్లకు, 1891 ప్రాంతమున, ఇబ్బందులచే తానే వచ్చి పది డాలరులకు ఇచ్చెద ననెను. స్మిత్తువద్ద అంత పైకము లేదు. భర్త సలహాపై పవర్సు ఐదు డాలరులకు ఒప్పుకొనెను. ఎద్దుబండిలో, పిండిసంచిలో చుట్టి, ఒడిలో పెట్టుకొని ఆమె దానిని తెచ్చినదని స్మిత్తు వ్రాసినది. అమ్మిన తరువాత గూడ పవర్సు పలుమాఱులు వచ్చి తన క్విల్టును చూచిపోయెడిది.

స్మిత్తు చేసిన మేలొకటి కలదు. ప్రతి గడికి పవర్సు చెప్పిన వ్యాఖ్యానమును ఆమె వ్రాసియుంచెను. ఆ క్విల్టు నేడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థయందు కలదు. పవర్సు కుట్టిన రెండవ క్విల్టు బోస్టను లలితకళాప్రదర్శనశాలలో నున్నది. దాని పదునైదు గడులలో బైబిలుకథలతోపాటు 1780 మే 19 నాటి పట్టపగటి చీకటి, 1833 నాటి ఉల్కాపాతము కలవు. ఉల్కలు రాలిన నాటికి పవర్సు పుట్టనే లేదు. పెద్దలనోట విన్నదానిని ఆమె బట్టపై నిలిపినది. పురాణమును, లోకవృత్తమును ఒకే వరుసలో కూర్చిన ఈ రచనను ఇతిహాస మనుటకు మేము సంశయింపము.

చిరకాలము పవర్సు నిరక్షరాస్య యని వ్రాయబడుచుండెను. 2009 లో కైరా హిక్సు ప్రకటించిన పరిశోధనవలన 1896 నాటి పవర్సు లేఖ వెలుగులోనికి వచ్చి, ఆమె చదువనేర్చినదని తేలినది. అనగా నూఱేండ్లకు పైగా పండితలోకము ఆమెను గూర్చి పరీక్షింపక ఒక మాటను నమ్మినది. కుట్టుపని చేయు నల్లజాతిస్త్రీకి అక్షరము లుండవను ముందటి యూహయే అందులకు కారణ మని మా యభిప్రాయము.

5. గీస్ బెండు

అలబామా రాష్ట్రమున అలబామా నది మూడువైపుల చుట్టివచ్చిన నేలనాలుక గీస్ బెండు. అచ్చటి నల్లజాతివారిలో ననేకులు ఆ భూమిపై బానిసలుగా పనిచేసినవారి సంతతి. 1845 లో ఆ తోటను పొందిన యజమాని యింటిపేరు ‘పెట్‌వే’ నేటికిని వారి యింటిపేరు. 1937 లో ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు ఆర్థర్ రాత్‌స్టీను తీసిన చిత్రములలో ఆ గ్రామదారిద్ర్యము కనబడును. చలిగాలి చొచ్చు కొయ్యయిండ్లలో క్విల్టు అలంకారము కాదు, అవసరము. పొలమున తొడిగి చిరిగిన పనిబట్టలు, పిండిసంచులు వారి సామగ్రి. 1942 లో మిజూరీ పెట్‌వే, మరణించిన భర్త పనిబట్టలను విప్పి, ఆయన జ్ఞాపకార్థము కప్పుకొనుటకు క్విల్టు కుట్టినది. మోకాళ్లకడ వెలిసిన నీలిరంగు, జేబు ఊడిన చోట మిగిలిన ముదురురంగు అందు కనబడును. ఆ మనిషి శరీర మెచ్చట వంగి పనిచేసెనో బట్ట చెప్పుచున్నది.

1960 ప్రాంతమున వోటుహక్కుకై ఇచ్చటివారు పోరాడిరి. మండలకేంద్రమైన కామ్డెనునకు పోవు పడవ 1962 లో నిలిపివేయబడెను. నది దాటవలసిన కొద్దిపాటి దూరము చుట్టుత్రోవను గంటకు పైగా ప్రయాణమైనది. పడవ మఱల నడచినది 2006 లోనే. 1965 లో మార్టిన్ లూథర్ కింగు ఆ గ్రామమునకు వచ్చెను. 1966 లో ఆ ప్రాంతస్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగు బీ’ యను సహకారసంఘము నేర్పఱచుకొనిరి. 1972 లో సియర్సు దుకాణములకు కార్డురాయి దిండుతొడుగులు కుట్టు పని ఆ సంఘమునకు వచ్చినది. మిగిలిన కార్డురాయి ముక్కలు గ్రామములోని క్విల్టులలో చేరి, వానికి క్రొత్త రంగు నిచ్చినవి.

2002 లో హ్యూస్టను లలితకళాప్రదర్శనశాలలోను, తరువాత న్యూయార్కు విట్నీ ప్రదర్శనశాలలోను ఈ క్విల్టులు ప్రదర్శింపబడగా విమర్శకులు ఆధునికచిత్రకళతో పోల్చి మెచ్చుకొనిరి. 2006 లో ప్రభుత్వము వీని బొమ్మలతో పది తపాలాబిళ్లలను వెలువరించెను. మెప్పుతోపాటు వివాదము వచ్చినది. తమ పనులకును నమూనాలకును న్యాయమైన ప్రతిఫలము రాలేదని గ్రామస్త్రీలు కొందఱు 2007 లో న్యాయస్థానమున వ్యాజ్యములు వేసిరి. అవి 2008 లో పరిష్కారమై ముగిసినవి. ఐదు డాలరుల నాటి ప్రశ్న నూఱేండ్ల పిమ్మట మఱల లేచిన దని గుర్తింపవలెను. బట్ట ఎవరిది? అందలి రూపము ఎవరిది? దానిని కళ యని పిలిచినందున కలుగు లాభము ఎవరిది?

6. నేర్పబడిన పని, స్వంతమైన రూపము

పరులు నేర్పిన పని స్వత్వమును తెలుపగలదా యను శంక సహజము. హవాయి ద్వీపములు దీనికి సమాధానము. 1820 లో అచ్చటికి చేరిన క్రైస్తవబోధకుల భార్యలు రాజకుటుంబస్త్రీలకు కుట్టుపని నేర్పిరి. హవాయిస్త్రీలు చిన్నముక్కలు జతచేయు పద్ధతిని విడిచి, ఒక పెద్దబట్టను ఎనిమిది మడతలు పెట్టి, ఒక్కమాఱే కత్తిరించి, రొట్టెపనస మొదలగు తమ చెట్లయాకుల రూపమును విప్పి, తెల్లబట్టపై అతికిరి. ఆకుచుట్టును అలలవలె కుట్లు వేసిరి. 1893 లో వారి రాజ్యము కూలద్రోయబడి, 1898 లో ద్వీపములు అమెరికాలో చేర్చుకొనబడెను. ఎగురవేయుటకు వీలులేని తమ జెండాను స్త్రీలు క్విల్టులలో కుట్టి ఇండ్లలో నుంచుకొనిరి. 1895 లో ఇయొలాని సౌధమున నిర్బంధింపబడిన రాణి లిలియుఓకలాని, తనతోనున్న పరిచారికతో కలిసి, పట్టుముక్కల క్విల్టు నొకదాని నారంభించి, నిర్బంధపు వివరములను అందు కుట్టినది. అది నేడు ఆ సౌధముననే ప్రదర్శింపబడుచున్నది. లకోటాజాతి స్త్రీలు గూడ బోధకులవలనను, పాఠశాలలలోను నేర్చిన క్విల్టును వేకువచుక్క రూపముగా మార్చి, పూర్వము అడవిదున్న చర్మమునకుండిన గౌరవస్థానమును దాని కొసగిరి.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు మండలమున ఆమిషు మతస్థులు పువ్వుల అద్దకములు లేని ఉన్నిబట్టలతో, ముదురురంగుల పెద్ద చదరములతో కుట్టిన క్విల్టులు లోకప్రసిద్ధములు. ఈ విద్య వారికి ఇరుగుపొరుగువారినుండి 19 వ శతాబ్దమున వచ్చినదే. 1975 తరువాత లావోసునుండి పారిపోయివచ్చిన హ్మాంగుజాతివారు అమెరికాలో స్థిరపడిరి. ‘పువ్వుబట్ట’ యని తమ భాషలో పిలుచుకొను కుట్టుపనిలో వారి స్త్రీలు నిపుణలు. వారిలో కొందఱు లాంకాస్టరు మండలమున ఆమిషు దుకాణములకు ఆప్లిక్ పని చేసిపెట్టిరి. కొన్నవారు ఆమిషు క్విల్టు నని కొనిరి. హ్మాంగులు తమకై కుట్టుకొన్న కథాపటములలోనో, కాలుచున్న గ్రామము, అడవిదారి, మెకాంగునదిని దాటుట, శరణార్థిశిబిరము వరుసగా కనబడును. ఒకే సూది ఒక పూట పరుల స్వత్వమును, మఱియొక పూట తన స్వత్వమును కుట్టినది. ‘అసలైన’ యను విశేషణమును వాడుటకు ముందు పరిశోధకుడు ఈ విషయమును స్మరింపవలెను.

7. పేర్ల పటము

1985 లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఎయిడ్సు వ్యాధిచే మరణించినవారి పేళ్లను అట్టలపై వ్రాసి ఒక భవనపుగోడకు అంటించిరి. ఆ గోడ అతుకుల బొంతవలె కనబడగా క్లీవ్ జోన్సు అను కార్యకర్తకు ఒక యాలోచన తట్టినది. 1987 లో పని ప్రారంభమైనది. ఒక్కొక్క పటము మూడడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవు, సమాధి కొలత. ఆ సంవత్సరము అక్టోబరు 11 న వాషింగ్టనులో 1,920 పటములు పఱుపబడినవి. నేడు సుమారు 50,000 పటములు కలవు. మొత్తము బరువు 54 టన్నులు. చచ్చినవారి పేరు చెప్పుటకు కుటుంబములే సిగ్గుపడిన కాలమున, మిత్రులు ఆ పేరును దారముతో కుట్టి రాజధాని నడుమ పఱచిరి. లోరా స్టాండిషు పేరు కుట్టుకొన్నది తనకై; వీరు కుట్టినది ఇతరులకై. రెంటను పేరు మాసిపోరాదను పట్టుదల యొక్కటియే.

8. పరిశోధకునకు హెచ్చరిక

బానిసత్వమునుండి పారిపోవువారికి క్విల్టుల నమూనాలు రహస్యసంకేతములుగా ఉపయోగపడినవని 1999 లో ప్రకటింపబడిన ఒక గ్రంథము చెప్పినది. కథ మనోహరము. పాఠశాలలలో బోధింపబడినది, పిల్లలపుస్తకముల కెక్కినది. ఆ గ్రంథమునకు ఆధారము ఒక కుటుంబపు మౌఖికకథనము. పారిపోయి స్వేచ్ఛ పొందినవారు స్వయముగా వ్రాసిన వృత్తాంతములలో ఈ సంకేతముల ప్రస్తావన లేదని, చెప్పబడిన నమూనాలలో కొన్ని తరువాతి కాలమువని చరిత్రకారులు ఆక్షేపించిరి. స్త్రీల పనిని గౌరవింపవలెనను సదుద్దేశముతో లేని చరిత్రను కల్పించినచో, ఉన్న చరిత్ర మరుగుపడును. పవర్సు జీవితమునకు కల్పన యవసరము లేదు.

అమెరికనుల మంచిపద్ధతి వేఱొకటి కలదు. 1981 లో కెంటకీ రాష్ట్రమున క్విల్టుల నమోదు మొదలైనది. ఫలానిదినమున ఫలానిచోటికి మీ యింటి క్విల్టులను తెండని ప్రకటించి, వచ్చిన ప్రతిదానికి ఛాయాచిత్రము తీసి, కుట్టినవారి పేరు, ఊరు, బట్ట, కాలము, కుటుంబకథ వ్రాసికొనిరి. దాదాపు అన్ని రాష్ట్రములు దీని ననుసరించినవి. 1997 లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున క్విల్టులకు ప్రత్యేకాధ్యయనకేంద్రము వెలసినది.

మనకు ఈ పని మిగిలియున్నది. నరసాపుర ప్రాంతమున 19 వ శతాబ్దమున క్రైస్తవబోధకులు నేర్పిన లేసు అల్లిక తరతరములుగా పరదేశములకు పోవుచున్నది. 1982 లో మరియా మీసు వ్రాసిన గ్రంథము ఆ స్త్రీల శ్రమను, వారికి దక్కిన స్వల్పవేతనమును విశదపఱచినది. ఆ లేసులపై అల్లినవారి పేరు లేదు. తెలంగాణమున లంబాడీస్త్రీల అద్దముల కుట్టు, ఇండ్లలోని బొంతలు జాబితా లేకయే చిరిగిపోవుచున్నవి. వీనికి క్రొత్త సిద్ధాంతము లక్కఱలేదు. గ్రామమునకు పాటలకై పోవు విద్యార్థి మఱియొక పుటను వెంట తీసికొనిపోయి, ఈ బొంత ఎవరు కుట్టిరి, ఏ ఊరిలో, ఏ చీరలతో, ఈ కుట్టును మీరేమందురు అని నాలుగు ప్రశ్నలు అడిగి, చెప్పిన మాటను చెప్పినట్లు వ్రాసికొనిన చాలును. కుట్టిన చేతులు ఉండగనే అడుగవలెను. తరువాత మిగులునది బట్ట మాత్రమే.